మన కొండల వెలుగు మనమే వెయ్యాలి



చాలా రోజులుగా మాలో మేం మాట్లాడుకుంటున్న విషయం ఈ రోజు రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, తప్పుంటే చెప్పండి.

కిందటేడు మా కాలేజీలో బొమ్మల పోటీ పెట్టారు. అంశం 'ప్రకృతి'. పాడేరు ఏజెన్సీ నుంచి వెళ్ళిన మేం నలుగురం పేర్లిచ్చాం. పేర్లు రాసుకుంటున్న సారు మా ఊళ్ళు అడిగి, "మీరు గిరిజనులు కదా, మీ ట్రైబల్ పెయింటింగే వెయ్యండి, ప్రైజు మీదే" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మిగతావాళ్ళు సముద్రం వెయ్యొచ్చు, సూర్యోదయం వెయ్యొచ్చు, ఏదైనా వెయ్యొచ్చు. మనం మాత్రం చేతులు పట్టుకుని ఆడే ధింసా బొమ్మలే వెయ్యాలా? వంజంగి కొండ మీద మంచు చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో రాత్రికి రాత్రి బయల్దేరి వస్తున్నారు. ఆ మంచులో పుట్టి పెరిగిన మనకి ఆ వెలుగు గురించి చెప్పడానికేమీ లేదా?

అందుకే మా అభిప్రాయం సూటిగా చెప్పేస్తున్నాం. మన పిల్లలు రంగులపెట్టె పట్టుకుని ఆరుబయట నిలబడి, మన కొండల్ని ఆయిల్ రంగుల్లో వెయ్యాలి. ఇది పట్నం వాళ్ళ సరదా అని వదిలెయ్యకూడదు.

అసలు ఈ పద్ధతి ఎలా మొదలైందో చూడండి. ఒకప్పుడు యూరప్ చిత్రకారులు నూనె రంగులు నూరుకుని, పంది మూత్రాశయం సంచుల్లో కట్టి దాచుకునేవారు. అది పట్టుకుని పొలాలెంట తిరగడం కష్టం. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు మడతపడే తగరం ట్యూబు కనిపెట్టాడు. దాంతో రంగులు సంచిలో వేసుకుని బయటికి వెళ్ళడం తేలికైంది. మోనే అనే ఫ్రాన్స్ చిత్రకారుడు 1890, 91లలో సుమారు 25 బొమ్మలు వేశాడు. అన్నీ గడ్డికుప్పలే! అవి కూడా తన ఇంటి దగ్గర పొలంలోవి. పొద్దున ఒక వెలుగు, సాయంత్రం ఇంకో వెలుగు, మంచు పడితే మరొకటి. వెలుగు మారగానే ఆ గుడ్డ పక్కన పెట్టి ఇంకో గుడ్డ తీసేవాడు. ఆయనకి ఊరి గడ్డికుప్ప సరిపోయింది. మన ఊళ్ళో గడ్డికుప్పలు లేవా?

పోటీ అయ్యాక మేం నలుగురం డబ్బులు వేసుకుని ఐదు ట్యూబులు కొన్నాం. తెలుపు, పసుపు, క్రిమ్సన్ ఎరుపు, అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఇటుక రంగు. నలుపు కొనలేదు, ఆకుపచ్చా కొనలేదు. నీలం, ఇటుక రంగు కలిపితే నలుపు లాంటి ముదురు రంగు వస్తుంది. పసుపూ నీలంతో ఆకుపచ్చ వస్తుంది, అందులో చిటికెడు ఎరుపు కలిపితేనే అది నిజం ఆకులా ఉంటుంది. ఎనిమిదికి పది అంగుళాల హార్డ్‌బోర్డు ముక్కలు కోయించి, జెస్సో పూసి ఆరబెట్టాం.

సెలవుల్లో మొదటి రోజు తెల్లవారకముందే కొండెక్కాం. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న కొండే కదా, పచ్చగా ఉంటుందనుకుని ముందే ఆకుపచ్చ కలిపి పెట్టుకున్నాం. తీరా చూస్తే పచ్చదనం ఎక్కడా లేదు. దూరం కొండ నీలం బూడిద రంగు, దగ్గర కొండ ఊదా. ఎండ తగలగానే కొన మాత్రం ఎర్రబడింది, కింద లోయ ఇంకా నీలంగానే ఉంది. మేం ఆ రంగు కలిపేసరికి ఎండ దిగిపోయింది. దాని వెంట పడి మళ్ళీ మార్చాం, మళ్ళీ మారిపోయింది. చివరికి నాలుగు బోర్డులూ బురద రంగయ్యాయి.

తర్వాత తెలిసింది. వెలుగు వెంట పరిగెత్తకూడదు. ఒక్క క్షణం ఎంచుకోవాలి. కళ్ళు సగం మూసి చూసి, ఎక్కడ వెలుగు, ఎక్కడ నీడ అని పెద్ద పెద్ద ముక్కలుగా ముందు వేసుకోవాలి. ఆకులూ కొమ్మలూ తర్వాత. గంట, గంటన్నర దాటితే ఆ బొమ్మ ఆపేసి, మర్నాడు అదే వేళకి మళ్ళీ రావాలి.

నాలుగో రోజుకి కాస్త బొమ్మలాంటిది వచ్చింది. మంచు, కొండ, సిల్వర్ ఓక్ చెట్లు, వలిసె పూల పసుపు. మాకు భలే గర్వంగా ఉంది. పుల్లల మోపుతో దిగుతున్న పెద్దమ్మ ఒకావిడ ఆగి చాలాసేపు చూసింది. "కొండేసారు, మంచేసారు, బాగుంది. మా పొయ్యి పొగ ఏదర్రా? మమ్మల్ని వెయ్యలేదేటి?" అంది.

మాకు నోట మాట రాలేదు. నిజమే, కింద పదిళ్ళున్నాయి. ఇంటింటా పొగ లేస్తోంది. వలిసె చేను ఎవరో దున్ని, విత్తనం జల్లితేనే పూసింది. మేం ఇళ్ళు తీసేసి, మనుషుల్ని తీసేసి, పర్యాటకుల పోస్టరు లాంటిది వేశాం. మన కొండల్ని ఎవరూ లేని చోటులా చూపిస్తారని బయటివాళ్ళ మీద కోప్పడే మేమే ఆ పని చేశాం. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఇళ్ళు వేశాం, పొగ వేశాం. పొగ మంచుకన్నా కాస్త నీలంగా ఉంటుందని ఆ రోజే మొదటిసారి గమనించాం.

ఇక్కడ ఆల్బర్ట్ నమట్జిరా గురించి చెప్పాలి. ఆస్ట్రేలియా ఆదివాసీ, అరెంటే జాతివాడు, 1902లో పుట్టాడు. 1936లో ఒక తెల్ల చిత్రకారుడికి ఒంటెలు తోలుతూ, దారి చూపిస్తూ వెళ్ళి, బదులుగా బొమ్మలెయ్యడం నేర్చుకున్నాడు. ఆయనవి నీటిరంగులు, ఆయిల్ కాదు. కానీ ఆరుబయట వెలుగు చూసి వెయ్యడం అదే. 1938లో మెల్‌బోర్న్‌లో ప్రదర్శన పెడితే బొమ్మలన్నీ అమ్ముడుపోయాయి. కొందరు విమర్శకులు మాత్రం తెల్లవాళ్ళ పద్ధతి కాపీ కొట్టాడన్నారు. ఆయన వేసింది తన పెద్దల నేల అని, ఒక్కో గుట్టకీ ఆయన వాళ్ళలో ఒక కథ ఉందని తర్వాత్తర్వాత గుర్తించారు. ఇంత పేరొచ్చినా పశువుల మేతకి భూమి లీజు అడిగితే ఇవ్వలేదు. 1957 దాకా పూర్తి పౌరహక్కులే లేవు. 1959లో చనిపోయాడు. ఆయన బొమ్మల కాపీరైటు పరుల చేతికి పోయి, 2017లో గానీ కుటుంబం తరఫు ట్రస్టుకి తిరిగి రాలేదు. ఇందులో మనకి రెండు పాఠాలున్నాయి. రంగు ఎవరిదైనా, నేల మనదైతే బొమ్మ మనదే. వేసిన బొమ్మ మీద హక్కు మాత్రం కాగితం చదవకుండా ఎవరికీ రాసివ్వొద్దు.

"మన సంప్రదాయ కళ పోతుంటే ఇదేంటి?" అని కొందరు అన్నలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సవర ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మ దేవతలకీ పెద్దలకీ మొక్కుగా వేసేది. దాని చోటు దానిదే, దాన్ని నేర్చుకునేవాళ్ళు నేర్చుకోవాల్సిందే. మేం అడిగేది ఒక్కటే. మనకి ఆ ఒక్క గదే కేటాయించొద్దు.

"ఫోనుంది కదా, ఫొటో చాలదా?" అనేవాళ్ళకి మా జవాబు ఆ పెద్దమ్మే. ఫొటో తీసుకుని ఐదు నిమిషాల్లో దిగిపోయి ఉంటే, ఆవిడ మమ్మల్ని ఆ మాట అడిగేదే కాదు. ఇక ఉద్యోగం వస్తుందా అంటే, వస్తుందని అబద్ధం చెప్పం. కానీ చిత్రకళ చదవాలనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉంటే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో కోర్సులున్నాయి. సొంత ఊరి బొమ్మలు పది చేతిలో పెట్టుకుని వెళ్ళండి.

కొన్ని జాగ్రత్తలు. టర్పెంటైన్ మిగిలితే గెడ్డలో పొయ్యకండి, ఆ నీళ్ళే మనం తాగుతాం. లిన్సీడ్ నూనె అంటిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు, పరిచి ఆరబెట్టండి. బొమ్మ ఆరడానికి రోజులు పడుతుంది, ఒకదానికొకటి తగలకుండా అట్టపెట్టెలో నిలబెట్టి తెచ్చుకోండి.

సంక్రాంతి సెలవులొస్తున్నాయి. మా దగ్గరున్న ట్యూబులు ఇంకా సగం ఉన్నాయి, పాడేరు చుట్టుపక్కల వాళ్ళెవరొచ్చినా పంచుకుంటాం. బొమ్మ వెనక ఊరి పేరు, రోజు, వేళ రాయండి. కొండకి మీ ఊళ్ళో పిలిచే పేరు కూడా రాయండి.

జై ఆదివాసీ.