వలయమే దీక్ష

బ్రెజిల్ దేశమున బానిసత్వము ననుభవించిన ఆఫ్రికనులు పెంపొందించిన యుద్ధక్రీడ కపోయిరా. 1890 నాటి శిక్షాస్మృతి దానిని నేరముగా నిర్ణయించినది. 1932లో సాల్వడార్ నగరమున మేస్త్రె బింబా దానికొక పాఠశాల నెలకొల్పెను.

దీక్షోత్సవమునాడు, బెరింబావు అను ఏకతంత్రీవాద్యము మ్రోగుచుండగా, క్రొత్తవాడు గురువుతో తలపడును; తరచుగా నేలకొరగును. చుట్టును వలయముగా నిలిచినవారు పరిహసింపరు. పాటతో, చప్పట్లతో తమలో కలుపుకొందురు. పెక్కు బృందములలో అతనికొక మారుపేరు లభించును. ఒకనాడు రక్షకభటులనుండి కాపాడిన మారుపేరే నేడు ఆత్మీయనామమైనది.

నడుమునకు కట్టు రంగుత్రాడు వ్యక్తిది. పేరు, పాట సమూహమువి. త్రాటి రంగే ప్రధానమైనచో దీక్ష పట్టాల పంపకమగును. పడినవానికి చేయందించు వలయము లేనిదే కపోయిరా లేదు.