సౌండ్ కార్డు కొనే ముందు

గుంటూరు జిల్లా నుంచి ఒక సోదరుడు రాసిన ఉత్తరం గత నెల నాకు అందింది. ఆయన కుమారుడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. తన కంప్యూటరుకు ఒక 'గేమింగ్ సౌండ్ కార్డు' కొనిపెట్టమని రెండు నెలలుగా పట్టుబడుతున్నాడట. ఆటల్లో శబ్దం బాగా వినిపిస్తుందని, తాను నషీదులు పాడి రికార్డు చేసుకోవచ్చని, చెల్లెలి ఆన్‌లైన్ ఖుర్ఆన్ పాఠానికి కూడా పనికొస్తుందని అబ్బాయి చెబుతున్న కారణాలు. "మూడో కారణం మమ్మల్ని ఒప్పించడానికే చేర్చాడని నా అనుమానం. అసలు కొనడం ధర్మసమ్మతమేనా? అయితే ఏది కొనాలి?" అని ఆ తండ్రి అడిగారు.

మొదటి ప్రశ్నకు సమాధానం చిన్నది. వస్తువుల విషయంలో మూలసూత్రం అనుమతే. నిషేధం వాటి వినియోగాన్ని బట్టి వస్తుంది. వాయిద్య సంగీతాన్ని నాలుగు మజ్‌హబ్‌ల పండితుల్లో అత్యధికులు వారించారు, ఇబ్నె హజ్మ్ వంటి కొందరు భిన్నంగా చెప్పారు. ఆ చర్చకు ఇది చోటు కాదు. వాయిద్యాలు లేని నషీదును, ఖుర్ఆన్ పారాయణాన్ని రికార్డు చేసుకోవడంలో నాకు అభ్యంతరమేమీ కనిపించదు. ఇక ఆటల సంగతి. డబ్బు పెట్టి అదృష్టం పరీక్షించుకునే ఆటలు, నమాజు వేళను మింగేసే ఆటలు ఇంట్లోకి రాకుండా చూడటం తల్లిదండ్రుల బాధ్యత. దానికి సౌండ్ కార్డుతో సంబంధం లేదు.

రెండో ప్రశ్నే కష్టమైనది. మదర్సాలో పాఠాలు చెప్పుకునేవాడికి సౌండ్ కార్డుల గొడవ ఎందుకని పాఠకులు అనుకోవచ్చు. నేను చేసిన ఒక తప్పు వల్ల ఆ సంగతులు నేర్చుకోవలసి వచ్చింది.

2020లో లాక్‌డౌన్ వల్ల మదర్సా మూతపడినప్పుడు పిల్లలందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. హిఫ్జ్ చేస్తున్నవారి సబఖ్ ఆగకూడదని నేను రోజూ ఫోనులో ఒక్కొక్కరిది వినేవాణ్ణి. వారిలో పదకొండేళ్ళ కుర్రవాడు ఒకడున్నాడు. వాళ్ళ ఇంట్లో ఉన్నది బటన్ల ఫోను ఒక్కటే. ఒకరోజు అల్-కౌసర్ సూరా చదివించాను. మొదటి ఆయతు చివరి పదంలోని 'సా' అక్షరం నాకు 'ఫా'గా వినిపించింది. 'సా' పలకాలంటే నాలుక కొస పై పళ్ళ అంచును తాకాలి. 'ఫా' పలకాలంటే కింది పెదవి పై పళ్ళ అంచును తాకాలి. సరిచేశాను. మళ్ళీ అదే వినిపించింది. వారం రోజులు సరిచేస్తూనే ఉన్నాను. ఎనిమిదో రోజు కోప్పడ్డాను. మదర్సాలో ఉన్నప్పుడు చక్కగా పలికినవాడివి, ఇంటికి వెళ్ళగానే ఒళ్ళు బద్ధకించి మఖ్రజ్ మరచిపోయావని గట్టిగా అన్నాను. అవతలివైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత వాడి తల్లి ఫోను అందుకుని, "హజ్రత్, వాడు ఏడుస్తున్నాడు, రేపు చదువుతాడు" అన్నది.

మదర్సా తెరిచాక వాడు నా ఎదుట కూర్చుని అదే సూరా చదివాడు. 'సా' తన స్థానం నుంచి ఒక్క వెంట్రుక కూడా కదలలేదు. ఎప్పుడూ కదలలేదని అప్పుడు గ్రహించాను. వాణ్ణి క్షమించమని అడిగాను. పదకొండేళ్ళ పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియక తల దించుకున్నాడు. ఆ దించుకున్న తల ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతుంది.

ఇది ఎలా జరిగిందో నాకు వివరించింది మా మేనల్లుడు. హైదరాబాదులో రికార్డింగు పని చేసుకుంటున్నాడు. గాలిలో కదిలే శబ్దాన్ని యంత్రం అంకెలుగా మార్చుకోవాలంటే సెకనుకు కొన్ని వేల సార్లు దాన్ని కొలుస్తుందట. ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం కంపనాల వరకే ఆ శబ్దం నిలుస్తుంది. పాత తరహా టెలిఫోను వ్యవస్థ సెకనుకు 8000 సార్లు కొలుస్తుంది. ఆచరణలో సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ఉన్న శబ్దమే అవతలికి చేరుతుంది. మాట అర్థం కావడానికి అది చాలు. కానీ సీన్, స్వాద్, సా, ఫా వంటి ఊపిరితో పలికే అక్షరాలను ఒకదాని నుంచి మరొకటి వేరుచేసే గుర్తులు చాలావరకు దానికి పైనే ఉంటాయి. సీన్‌లోని సన్నని ఈల 4000 హెర్ట్జ్ దాటాకే బలంగా ఉంటుంది. తజ్వీద్‌లో మనం 'హమ్స్' అక్షరాలని పిల్లలకు నేర్పే ఆ పదింటిలో చాలావాటి ప్రాణాన్ని ఆ ఫోను తీసేసింది. తీసేశాక మిగిలినదాన్ని విని నేను తీర్పు చెప్పాను.

ఇకపై ఇలా జరగకూడదని, మదర్సా కంప్యూటరుకు ఒక మంచి సౌండ్ కార్డు తెమ్మని మేనల్లుడికి చెప్పాను. దుకాణంలో అడిగితే ఎర్రదీపాలు వెలిగే ఒక గేమింగ్ కార్డు చూపించారని కూడా చెప్పాను. వాడు నవ్వి, "మామూ, ముందు మీరు వినడానికి కొంటున్నారో వినిపించడానికి కొంటున్నారో చెప్పండి" అన్నాడు. గుంటూరు సోదరుడికి నేను చెప్పవలసింది కూడా ఈ మాట దగ్గరే మొదలవుతుంది.

సౌండ్ కార్డు చేసే పనులు రెండు. కంప్యూటరులోని అంకెలను శబ్దంగా మార్చి హెడ్‌ఫోనుకు పంపడం ఒకటి. మైకు నుంచి వచ్చిన శబ్దాన్ని అంకెలుగా మార్చి లోపలికి తీసుకోవడం మరొకటి. ఒకప్పుడు వ్యక్తిగత కంప్యూటరుకు 'బీప్' మనడం తప్ప పెద్దగా ఏమీ వచ్చేది కాదు. 1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ సౌండ్ బ్లాస్టర్ కార్డును తెచ్చింది. ఆటలు ఆడేవారికి అలాంటి కార్డు అప్పుడు నిజంగా అవసరమైంది. 1997లో ఇంటెల్ ఏసీ-97 అనే ప్రమాణాన్ని రూపొందించాక, శబ్దం పని చేసే భాగం క్రమంగా మదర్‌బోర్డులోనే ఇమిడిపోయింది. ఈనాడు మీ ఇంట్లో ఉన్న కంప్యూటరులో సౌండ్ కార్డు వేరే డబ్బాలో కనిపించకపోవచ్చు గాని, అది లోపల ఉండనే ఉంది. అది శబ్దాన్ని బయటికి పంపే పనిని చాలామంది చెవులకు సరిపోయేంత బాగా చేస్తుంది.

కాబట్టి ఆటల కోసమే అయితే ముందు ఒక సంగతి గమనించండి. మీ అబ్బాయి వాడుతున్న హెడ్‌సెట్ దేనికి తగిలించి ఉంది? అది యు.ఎస్.బి. తీగతో ఉంటే, శబ్దాన్ని మార్చే చిన్న పరికరం ఆ హెడ్‌సెట్‌లోనే ఉంటుంది. మీరు వేల రూపాయలు పోసి కొన్న కార్డు పెట్టె లోపల ఖాళీగా కూర్చుంటుంది. యు.ఎస్.బి. మైకు సంగతీ అంతే. బ్లూటూత్ హెడ్‌సెట్ కూడా కార్డును దాటేసి పోతుంది. పైగా చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లలో మైకు ఆన్ చేయగానే శబ్దం ఫోను కాల్ స్థాయికి పడిపోతుంది. కార్డు పనిచేయాలంటే హెడ్‌ఫోను 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో దానికే తగలాలి. ఈ ఒక్క ముక్క తెలియక డబ్బు పోగొట్టుకున్న ఇళ్ళు నాకు తెలిసినవే మూడున్నాయి. ల్యాప్‌టాప్ అయితే ఆ కార్డు బిగించడానికి లోపల చోటే ఉండదు.

ఆటలో శత్రువు అడుగుల చప్పుడు ఏ వైపు నుంచి వస్తోందో తెలియడానికి '7.1' కార్డు కావాలని అబ్బాయి అనవచ్చు. హెడ్‌ఫోనులో చెవులకు ఉండేవి రెండు వైపులే. వెనుక నుంచి వచ్చినట్టు అనిపించే భ్రమను లెక్కలతో సృష్టిస్తారు. ఆ లెక్క చేసే విండోస్ సోనిక్ అనే సదుపాయం విండోస్ 10, 11లలో ఉచితంగానే ఉంది. ముందు దాన్ని ఆన్ చేసి చూడమనండి. ఉన్న కంప్యూటరులో హెడ్‌ఫోను పెడితే గరగర వినిపిస్తుంటేనో, కొన్న హెడ్‌ఫోనుకు సరిపడా బలం లేకపోతేనో కార్డు గురించి ఆలోచించవచ్చు. ఒక విషయం మాత్రం తల్లులకు చెబుతాను. పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్, పిల్లలకు 75 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. మీరు పక్కన నిలబడి మామూలుగా పిలిస్తే హెడ్‌ఫోనులో ఉన్న పిల్లవాడు పలకడం లేదంటే, వాడికి అజాను కూడా వినిపించడం లేదనే అర్థం.

ఇక రికార్డింగు. ఇక్కడ గేమింగ్ కార్డు మరీ బలహీనం. దాని గొప్పతనమంతా వినిపించడంలో ఉంటుంది. మైకు కోసం ఇచ్చే రంధ్రం సాధారణంగా హెడ్‌సెట్ మైకుకు ఉద్దేశించినదే. గొంతు రికార్డు చేసేవారు వాడేది 'ఆడియో ఇంటర్‌ఫేస్'. ఇది యు.ఎస్.బి. తీగతో కంప్యూటరుకు బయట తగిలించే చిన్న పెట్టె. ఫోకస్‌రైట్ వారి స్కార్లెట్ సోలో ఈ తరహాదే, మరికొన్ని కంపెనీలవీ ఉన్నాయి. దీనికి మూడు కాళ్ళ పెద్ద మైకు ప్లగ్గు పడుతుంది. ఆ తీగ దారిలో పట్టుకున్న గుయ్యిమనే శబ్దాన్ని రద్దు చేస్తుంది. కండెన్సర్ మైకుకు కావలసిన 48 వోల్టుల విద్యుత్తును ఈ పెట్టే ఇస్తుంది. అలాంటి మైకు కొని, 48 వోల్టులు ఇవ్వని కార్డుకు తగిలిస్తే ఒక్క అక్షరం కూడా పలకదు. మసీదుల్లో మనం చూసే సాధారణ డైనమిక్ మైకుకు ఆ విద్యుత్తు అక్కరలేదు. మాట్లాడేవారి గొంతు వారికే ఆలస్యంగా వినిపించి తడబడకుండా, కంప్యూటరు దాకా పోకముందే హెడ్‌ఫోనుకు చేర్చే 'డైరెక్ట్ మానిటర్' మీట కూడా ఈ పెట్టెలకు తరచుగా ఉంటుంది.

పెట్టె మీద '192 కిలోహెర్ట్జ్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. మనిషి చెవి వినగలిగేది దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే. ఇందాకటి సగం లెక్క ప్రకారం సెకనుకు 48,000 సార్లు కొలిస్తే దానికి మించే సరిపోతుంది. 24 బిట్లు అన్నది మాత్రం నిజంగా ఉపయోగపడుతుంది. గొంతును కాస్త తక్కువ మట్టంలో రికార్డు చేసినా లోపలి సన్నని ఊపిరి పోదు. మీటరులో గరిష్ఠ శబ్దం మైనస్ 12 దగ్గర ఆగేలా పెట్టుకోవాలి. ఎర్ర గీత తాకితే అక్కడ శబ్దం విరిగిపోతుంది, తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని అతికించలేదు. స్వరాన్ని తగ్గించుకోమని హజ్రత్ లుఖ్మాన్ (అ) తన కుమారుడికి చేసిన హితబోధను రికార్డింగు నేర్పేటప్పుడు పిల్లలకు నేను గుర్తుచేస్తుంటాను.

అయితే పెట్టె కంటే మైకు, మైకు కంటే గది ముఖ్యం. 1961లో కైరోలో షేఖ్ మహ్మూద్ ఖలీల్ అల్-హుసరీ గొంతులో సంపూర్ణ ఖుర్ఆన్ రికార్డింగు వెలువడింది. ఈనాటికీ తజ్వీద్ నేర్పేవారు దాన్నే వినిపిస్తారు. అప్పుడు కంప్యూటరూ లేదు, గేమింగ్ కార్డూ లేదు. మన ఇళ్ళలో గచ్చు నేల, ఖాళీ గోడలు, తిరిగే ఫ్యాను ఉంటాయి. ఫ్యాను ఆపండి. పరుపు, బొంతలు, బట్టల బీరువా ఉన్న గదిని ఎంచుకోండి. మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టండి. నోటికి ఎదురుగా పెడితే 'బా' పలికినప్పుడల్లా గాలి తగిలి దబ్బుమంటుంది. గుయ్యిమనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. అది ఆగిపోతే ఆ మోత ఛార్జరు దారిన, విద్యుత్తు వైపు నుంచి వస్తోందని అర్థం. కార్డు మార్చినా ఆ మోత పోకపోవచ్చు, రికార్డు చేసేంతసేపు ఛార్జరు తీసి ఉంచండి.

ఆన్‌లైన్ పాఠానికి మరో చిక్కు ఉంది. వీడియో కాల్ యాప్‌లు గదిలోని రొదను తొలగించడానికి ప్రయత్నిస్తాయి. సన్నని ఊపిరి శబ్దం వాటికి రొదలాగే కనిపిస్తుంది. మంచి మైకు పెట్టినా సీన్, ఫా, హా చివర్లు తెగిపోవచ్చు. జూమ్‌లో 'ఒరిజినల్ సౌండ్' అనే అమరిక ఉంది. పాఠం మొదలయ్యే ముందు దాన్ని ఆన్ చేయాలి. దీనికి ఒక్క రూపాయి ఖర్చు కాదు. నా అనుభవంలో చాలా ఇళ్ళకు కొత్త పరికరం కంటే ఇదే ఎక్కువ మేలు చేసింది.

సోదరా, మీ ఇంటి విషయంలో నా సలహా ఇది. గేమింగ్ కార్డు కొనకండి. అబ్బాయి ఆటలకు ఉన్నది చాలు. అతనికి నషీదు మీద నిజంగా ఆసక్తి ఉంటే, అది పాడే పిల్లవాడి గొంతులోనే తెలుస్తుంది, ఒక చిన్న ఇంటర్‌ఫేస్, ఒక డైనమిక్ మైకు తీసుకోండి. వాడిన సరుకైనా పరవాలేదు, దుకాణంలోనే తగిలించి విని తీసుకోండి. వృథా ఖర్చును అల్-అఅరాఫ్ సూరా 31వ ఆయతు వారిస్తుంది. అబ్బాయి చేత ఆ ఆయతు మీరు చదివించవచ్చు. అయితే అవసరమైన చోట పిసినారితనం చేయమని దాని అర్థం కాదని కూడా అతనికి చెప్పండి.

మూడో కారణం అబ్బాయి మిమ్మల్ని ఒప్పించడానికే చేర్చాడని మీ అనుమానం. కావచ్చు. కానీ మూడింటిలో నిజమైన అవసరం అదే. మీ అమ్మాయి ఉస్తాదు ఆమె గొంతును ఏ దారిన వింటున్నారో ఈ రోజే కనుక్కోండి. ఫ్యాను ఆపి, అల్-కౌసర్ సూరాను మీ ఫోనులోని రికార్డరులో ఆమె చేత చదివించండి. వాయిస్ నోట్‌గా పంపితే శబ్దం కుదించుకుపోతుంది కాబట్టి దాన్ని ఫైలుగా, డాక్యుమెంటు రూపంలో ఉస్తాదుకు పంపండి. కాల్‌లో విన్నదానికీ ఇందులో విన్నదానికీ తేడా ఉందా అని ఆయన్ను అడగండి. ఆ జవాబు వచ్చాక అబ్బాయిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళండి.