చీటీ లెక్కల యాప్‌కి 94 ఎంబీ ఎందుకు?

కావలిలో ఉండే మా పిన్ని పోయిన నెల ఫోన్ చేసింది. "ఒరేయ్, స్టోరేజ్ ఫుల్ అంటోంది, ఏం తీసేయమంటావ్?" అని. ఆమెది 32 జీబీ ఫోన్. సిస్టమ్‌కి, వాట్సాప్‌కి పోగా మిగిలేదే కాస్త. తీసేద్దామని ఆమె అప్పటికే టిక్ పెట్టుకున్నవి మా చెల్లి సీమంతం వీడియోలు. "ఆగు పిన్నీ, ముందు యాప్స్ చూద్దాం" అని ఒక్కోదాని సైజు చదవమన్నాను. చీటీపాట లెక్కలు రాసుకునే యాప్ దగ్గర ఆగాం. 94 ఎంబీ!

పేరు, తేదీ, కట్టిన మొత్తం, ఎవరు పాడుకున్నారు... అది చేసే పని ఇంతే. రెండు రూపాయల నోట్‌బుక్‌లో కూడా చేసుకోవచ్చు. ఒక్క 94 ఎంబీతో ఫోన్ నిండిపోతుందా అనకండి, ఇలాంటి చిన్నాచితకా యాప్స్ ఆమె ఫోన్‌లో పదకొండు ఉన్నాయి.

ఆ యాప్ ప్లే స్టోర్ నుంచి వచ్చింది కాదు. చీటీ కట్టే ఒకావిడ వాట్సాప్‌లో పంపిన ఏపీకే. (ఏపీకేలు ఇలా చేతులు మారడం మంచి అలవాటు కాదు, ఆ గొడవ ఇంకోసారి.) ఆ ఫైల్ నాకూ పంపమని, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. ఏపీకే అంటే ఒక జిప్ ఫైలే కాబట్టి ఎవరైనా తెరవొచ్చు. లోపల లిబ్ అనే ఫోల్డర్, అందులో మళ్లీ నాలుగు ఫోల్డర్లు: 32 బిట్ ఆర్మ్, 64 బిట్ ఆర్మ్, ఇంటెల్ తరహా చిప్‌లకు ఇంకో రెండు. ఒక్కోటీ 20 ఎంబీకి అటూ ఇటూ. నాలుగింట్లోనూ ఉన్నది ఒకటే సరుకు, యాప్‌ని నడిపించే రన్‌టైమ్. పిన్ని ఫోన్‌కి కావాల్సింది అందులో ఒక్కటే. యాప్ రాసినవాళ్ల సొంత కోడ్ 2 ఎంబీ కూడా లేదు.

రన్‌టైమ్ అంటే ఏంటో సింపుల్‌గా చెప్పాలంటే, సినిమా డీవీడీ కొంటే అదే డబ్బాలో డీవీడీ ప్లేయర్ కూడా పెట్టి ఇవ్వడం లాంటిది. పది సినిమాలు కొంటే పది ప్లేయర్లు ఇంటికొస్తాయి. మన యాప్స్ ఇప్పుడు చేస్తున్నది ఇదే.

ఎప్పుడూ ఇలాగే లేదు. బ్రౌజర్‌లో ఫ్లాష్ ప్లేయర్ ఉన్న రోజులు గుర్తున్నాయా? ప్లేయర్ ఒకటే, గేమ్స్ మాత్రం వందల్లో. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకి ఇంత అని కట్టి ఆడిన చాలా గేమ్స్ కొన్ని వందల కేబీలే. తర్వాత అడోబీ ఎయిర్ వచ్చింది. మొదట్లో ఆండ్రాయిడ్‌లో దానితో చేసిన యాప్ చిన్నదే, కానీ తెరవగానే "ముందు ఎయిర్ ఇన్‌స్టాల్ చేసుకోండి" అనేది. జనానికి చిరాకు. అందుకే 2011లో వచ్చిన ఎయిర్ 3లో ప్లేయర్‌ని యాప్‌లోనే కలిపేసే వీలిచ్చారు. డెవలపర్లకి ప్రాణం లేచొచ్చింది. దానికి బదులుగా ప్రతి యాప్ కొన్ని ఎంబీలు లావెక్కింది.

ఇక కంప్యూటర్‌లో ఎలక్ట్రాన్ వచ్చాక సిగ్గు పూర్తిగా పోయింది. ఎలక్ట్రాన్‌తో చేసిన ప్రతి యాప్‌లో ఒక మొత్తం క్రోమియం బ్రౌజర్, దాంతోపాటు నోడ్ జేఎస్ ఉంటాయి. తెరమీద "నమస్కారం" అని చూపించే ప్రోగ్రామ్ కూడా ఇన్‌స్టాల్ అయ్యాక 100 ఎంబీ దాటుతుంది.

"ఇప్పుడు స్టోరేజ్ చీప్ కదా" అని వాదించేవాళ్లు ఉంటారు. ఎవరికి చీప్? 256 జీబీ ఫోన్‌లో కోడ్ రాసేవాళ్లకి. మోసేవాడికి తెలుసు కావడి బరువు. పైగా ఇది స్థలం గొడవ ఒక్కటే కాదు. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ ఫొటోలు చదివే లైబ్రరీలో పెద్ద భద్రతా లోపం బయటపడింది. క్రోమ్ వెంటనే సరిచేసుకుంది. కానీ ఎలక్ట్రాన్ యాప్స్ ఒక్కొక్కటీ తన లోపల ఉన్న బ్రౌజర్‌ని తానే మార్చుకుని, మళ్లీ అప్‌డేట్ పంపాల్సి వచ్చింది. తయారుచేసినవాళ్లు పట్టించుకోని యాప్ ఉంటే? అందులో ఆ రంధ్రం అలాగే ఉండిపోతుంది.

మరి అందరూ ఒకే ప్లేయర్ వాడుకుంటే సమస్య తీరిపోతుందా అంటే, అదీ అంత సుఖం కాదు. 2021 మార్చిలో ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూకి ఒక చెడ్డ అప్‌డేట్ వచ్చి, జీమెయిల్‌తో సహా బోలెడు యాప్స్ తెరవగానే మూసుకుపోయాయి. ఆ రోజు ఫోన్ పాడైందనుకుని షాపుకి తీసుకెళ్లినవాళ్లని నేను చూశాను. ఉమ్మడి ప్లేయర్ చెడితే అందరికీ చెడుతుంది, నిజమే. కానీ బాగు చేస్తే అందరికీ ఒకేసారి బాగవుతుంది కూడా. రెండిట్లో నేను దీన్నే ఎంచుకుంటాను.

ఆపిల్ చేసింది చూడండి. 2019లో ఐఓఎస్ 12.2తో స్విఫ్ట్ రన్‌టైమ్‌ని సిస్టమ్‌లోనే పెట్టేసింది. అప్పటిదాకా ప్రతి స్విఫ్ట్ యాప్ ఆ లైబ్రరీలను తనతో మోసుకొచ్చేది. కంప్యూటర్ వైపు టౌరీ కూడా ఇదే దారి. సొంత బ్రౌజర్ పెట్టుకోకుండా సిస్టమ్‌లో ఉన్న వెబ్‌వ్యూనే వాడుకుంటుంది. విండోస్ 11లో అది ముందే ఉంటుంది కాబట్టి చిన్న యాప్ కొన్ని ఎంబీల్లోనే సరిపోతుంది. వేర్వేరు సిస్టమ్స్‌లో వేర్వేరు వెబ్‌వ్యూలు కాబట్టి టెస్టింగ్ ఎక్కువ చేయాలి, అది డెవలపర్ పడాల్సిన కష్టం. పడనివ్వండి.

ప్లేయర్‌ని కలపక తప్పకపోతే కనీసం దాన్ని సన్నబరచొచ్చు. రియాక్ట్ నేటివ్ కోసం ఫేస్‌బుక్ 2019లో హెర్మిస్ ఇంజన్ విడుదల చేసినప్పుడు, మ్యాటర్‌మోస్ట్ యాప్ 41 ఎంబీ నుంచి 22కి తగ్గిందని చూపించింది. ఫ్లట్టర్‌తో చేసిన అతి చిన్న యాప్ డౌన్‌లోడ్ సైజు, ఒక్క చిప్‌కి విడిగా బిల్డ్ చేస్తే, 5 ఎంబీ లోపే అని వాళ్ల లెక్క. అంటే కిటుకు "విడిగా బిల్డ్ చేస్తే" అన్న మాటలోనే ఉంది. ప్లే స్టోర్ 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్స్‌కి యాప్ బండిల్ తప్పనిసరి చేసింది కాబట్టి అక్కడ ఫోన్‌కి తగ్గ ముక్కే దిగుతుంది. బయట ఏపీకే పంచేవాళ్లే నాలుగు చిప్‌ల సరుకూ కలిపి మన నెత్తిన పెడుతున్నారు. ఆ పని తప్పించడానికి బిల్డ్ కమాండ్‌లో ఒక్క మాట చేర్చితే చాలు. ఫైల్‌ని కంప్రెస్ చేసి చిన్నగా చూపించే టూల్స్ జోలికి మాత్రం పోవద్దు. డౌన్‌లోడ్ తగ్గుతుంది కానీ విప్పాక అదే బరువు. కంప్యూటర్‌లో అయితే యూపీఎక్స్ లాంటి వాటితో కుదించిన ఫైల్స్‌ని యాంటీవైరస్‌లు అనుమానంగా చూస్తాయి.

డెవలపర్లకి జాలి లేకపోయినా లాభం ఉంది. ఏపీకే సైజు 6 ఎంబీ పెరిగిన కొద్దీ ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్ల శాతం 1 చొప్పున తగ్గుతోందని 2017లో గూగుల్ ప్లే బృందమే రాసింది.

మాలాంటి రివ్యూలు రాసేవాళ్ల తప్పూ ఇందులో ఉంది. ఫోన్ బరువు గ్రాముల్లో రాస్తాం, కెమెరా మెగాపిక్సెల్స్ రాస్తాం, యాప్ రివ్యూలో మాత్రం డౌన్‌లోడ్ సైజు ఒక్కటి వేసి వదిలేస్తాం. ఇకనుంచి నేను యాప్ గురించి రాసిన ప్రతిసారీ ఇన్‌స్టాల్ అయ్యాక ఎంత, నెల వాడాక ఎంత అని రెండూ వేస్తాను.

పిన్ని యాప్ సంగతి అంటారా? దాంట్లో ఉన్న లెక్కలన్నీ ఫోన్‌లో ముందే ఉన్న నోట్స్‌లోకి ఎక్కించి, దాన్ని తీసేశాం. సీమంతం వీడియోలు అలాగే ఉన్నాయి.