తుపాకి హక్కు – వోటరు తూకము

అమెరికాలో, నెవాడా రాష్ట్రమున, 2010 నాటి సెనేటు యెన్నికలో తుపాకి హక్కు నభిమానించు వోటర్లకు నిర్దుష్టుడగు నభ్యర్థి దొరకలేదు. సెనేటు నాయకుడు హారీ రీడ్ 2005లో తుపాకి తయారీదారులపై దావాల నరికట్టు శాసనమును బలపరచినవాడు. క్లార్కు కౌంటీలో విశాలమైన గురిమైదానమునకు నిధులు దెచ్చినవాడు. కాని సొటోమేయరు, కేగనులను న్యాయమూర్తులుగ నియమించుటకు సమ్మతించెను. ఆ హక్కు వ్యక్తికి గలదని 2008లో అత్యున్నత న్యాయస్థానము తేల్చినది 5–4 తోనే గదా! మైదానము కంటికి గనబడును. న్యాయమూర్తి పదవి యావజ్జీవము. జాతీయ రైఫిలు సంఘము రీడును బలపరుపక మిన్నకుండుట మాకు సబబుగనే తోచుచున్నది. ప్రత్యర్థిని షారన్ ఆంగిల్ హక్కు విషయమున దృఢురాలే. కాని వోటు ఫలింపకున్న ప్రజలు ఆయుధముల వంక చూతురేమో యని పలికినది. ఆ మాట విని తుపాకి గలవాడును జంకకుండునా? రీడ్ నెగ్గెను. శాండీ హుక్ పాఠశాలలో 2012లో 20 మంది పసివాండ్రు కాల్పులకు బలియైన పిదప, 2013లో, సైనికుల తుపాకులవంటి వాని నిషేధమునకు ఆయనయే వోటొసగెను. ప్రతిపాదన 40–60తో వీగిపోయినది.