ఎముక మాట వినే ప్రాయము

"మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెతను మనము సాధారణంగా బుద్ధికి, నడవడికి అన్వయించుకుంటాము. పిల్లలను చిన్ననాడే దారిలో పెట్టవలెనని, పెద్దవారైన పిమ్మట దిద్దుట కష్టమని దాని తాత్పర్యము. ఈ సామెత మనిషి ఎముకకు కూడా అక్షరాలా వర్తిస్తుందని గత నలుబది ఏండ్ల పరిశోధనలు తెలుపుతున్నవి. ఎముక లేత వయస్సులో చెప్పిన మాట వింటుంది. వయస్సు ముదిరిన కొద్దీ దానికి వినికిడి తగ్గుతుంది. భాషాసాహిత్యములు బోధించుకొనే మాకు వైద్యశాస్త్ర విషయముతో పని యేమని పాఠకులు అడుగవచ్చును. మా తరగతి గదులలో కూర్చునే విద్యార్థినుల భవిష్యత్తుతో, వారి తల్లుల వర్తమానముతో దీనికి గట్టి సంబంధము ఉన్నది. అందువలననే ఈ నాలుగు మాటలు వ్రాయబూనినాము.

తాండూరు ప్రాంతమువారికి నాపరాయి సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. గని నుండి తీసి, కోసి, నునుపు చేసి ఇంట పరచిన బండ ఆనాటి నుండి అరుగుటే గాని పెరుగుట ఎరుగదు. మనలో చాలామంది ఎముకను కూడా అట్టి బండగానే తలపోస్తారు. నిజమునకు ఎముక సజీవమైన ధాతువు. పాత ఎముకను కరిగించే కణములు, కొత్త ఎముకను పేర్చే కణములు అందులో నిత్యము పని చేస్తూ ఉంటవి. ఈ రెండింటికీ మేస్త్రీల వంటివి ఎముక గర్భములో నిలిచియుండే అస్థికణములు. ఇవి సన్నని తంతువులతో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటవి. మనిషి గెంతినపుడు, దుమికినపుడు, బరువెత్తినపుడు ఎముక కంటికి కానరానంత స్వల్పముగా వంగుతుంది. ఆ వంపునకు లోపలి సూక్ష్మమైన కాలువలలోని ద్రవము కదులుతుంది. ఆ కదలికను అస్థికణములు గుర్తించి, ఇక్కడ బరువు పడుతున్నది, ఇక్కడ బలము చేర్చవలెనని కబురు పంపుతవి. మోయవలసిన భారమును బట్టి ఎముక తన నిర్మాణమును మార్చుకొంటుందని 1892లోనే జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ ప్రతిపాదించినాడు.

ఎంత బరువు, ఎన్నిమార్లు పడవలెను? ఈ ప్రశ్నకు రూబిన్, లాన్యన్ అనే శాస్త్రజ్ఞులు 1984లో కోళ్ల రెక్క ఎముకపై చేసిన ప్రయోగము ఆశ్చర్యకరమైన సమాధానము ఇచ్చినది. దినమునకు 4 మార్లు భారము మోపితే ఉన్న ఎముక నిలిచినది. 36 మార్లు మోపితే కొత్త ఎముక చేరినది. 1,800 మార్లు మోపినా అంతకు మించి ఒరిగినదేమీ లేదు. అనగా ఎముకకు కావలసినది గంటల తరబడి శ్రమ కాదు. కొద్దిసేపు చురుకైన, అలవాటునకు భిన్నమైన తాకిడి చాలును. చెప్పిన మాటనే వేయిమార్లు చెప్పితే విద్యార్థి వినడము మానివేసినట్లు, ఒకే తీరు బరువును పదే పదే మోపితే ఎముక కూడా పెడచెవిని పెడుతుంది.

తరువాత రూబిన్ బృందము ఇదే ప్రయోగమును వయస్సు భేదముతో జరిపి 1992లో ఫలితములు ప్రకటించినది. ఏడాది వయస్సు గల పక్షుల ఎముక సుమారు 30 శాతము మందమెక్కినది. మూడేండ్ల ముదురు పక్షులకు అదే భారమును, అన్ని మార్లే మోపినా చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. భారము ఒక్కటే, వినే ఎముక వేరు. దీనికి కారణములు పలు విధములు. వయస్సుతో అస్థికణములు కొన్ని నశిస్తవి, వాని మధ్య తంతువుల అల్లిక పలుచబడుతుంది. మజ్జలో ఎముకను నిర్మించే కణములుగా మారవలసిన మూలకణములు కొవ్వుకణములుగా మారుతవి. స్త్రీలలో ఋతుక్రమము ఆగిన పిమ్మట ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. ఎముక కరుగకుండ కాపాడేది, భారపు కబురును బలపరచేది ఆ హార్మోనే. కండరములు సన్నగిల్లుట వలన ఎముకపై పడే లాగుడు కూడా తగ్గుతుంది. చెప్పేవాని గొంతు తగ్గి, వినేవాని చెవి మందగించితే కబురు చేరుట ఎట్లు?

కోళ్ల మాట అట్లుండనిండు, మనుషుల సంగతి యేమని అడుగవచ్చును. ఫిన్లాండు దేశములో టెన్నిస్, స్క్వాష్ ఆడే స్త్రీల రెండు చేతుల ఎముకలను పోల్చి చూచిన అధ్యయనము 1995లో వెలువడినది. ఆడే చేతి ఎముక రెండవ చేతి ఎముక కంటె బలముగా ఉండుట సహజమే. గమనింపదగిన విషయము వేరొకటి ఉన్నది. ఈడేరక ముందో, ఈడేరిన నాటికో ఆట మొదలుపెట్టినవారికి కలిగిన లాభము, ఎన్నో ఏండ్ల తరువాత మొదలుపెట్టినవారి లాభము కంటె రెండు నుండి నాలుగు రెట్లు అధికము. కెనడాలో బాలబాలికలను ఏండ్ల తరబడి పరీక్షించిన మరొక అధ్యయనము 1999లో వచ్చినది. పెద్దయిన నాటికి ఒంటిలో ఉండే ఎముక ఖనిజములో సుమారు 26 శాతము, శీఘ్రముగా ఎదిగే ఒక్క రెండేండ్లలోనే చేరుతుందని అది తేల్చినది. ఆడపిల్లలకు ఆ రెండేండ్లు సాధారణంగా 12, 13 ఏండ్ల ప్రాయమున వస్తవి. అట్లు పోగైనది అంతా తరిగిపోదు. అమెరికాలో వృత్తిరీత్యా బేస్‌బాల్ ఆడినవారి చేతులను పరీక్షించి 2014లో ప్రకటించిన ఫలితములను బట్టి, పడుచుతనమున ఎముక పరిమాణములో పొందిన లాభములో సగము, బలములో మూడవ వంతు జీవితాంతము నిలిచి ఉంటుంది.

ఇక మన ఊళ్లలో జరిగేది చూతము. దోమ మండలపు పల్లెలలో గాని, పరిగి, తాండూరు, వికారాబాదు పట్టణములలో గాని పది ఏండ్ల లోపు ఆడపిల్ల తొక్కుడుబిళ్ల ఆడుతుంది, తాడాట ఆడుతుంది, వాకిలి నుండి వీధికి, వీధి నుండి వాకిలికి దుముకుతుంది. ఎముకకు ఇంతకంటె మంచి వ్యాయామము లేదు. పన్నెండో ఏడు రాగానే ఇంటిలో మాట మారుతుంది. "ఈడొచ్చిన పిల్లవు, ఇంక దుంకులాటలేంది?" అని అమ్మమ్మో, నానమ్మో కసురుకొంటుంది. బడిలో ఆటల గంటను లెక్కల ఉపాధ్యాయుడు తీసుకొంటాడు. మైదానము మగపిల్లలకు మిగులుతుంది. అనగా ఎముక చెవి నిక్కబొడుచుకొని వినే ఆ రెండు మూడేండ్లలోనే మనము దానితో మాట్లాడుట మానివేస్తున్నాము. ఇరవై, ముప్పై ఏండ్లు గడచిన పిమ్మట అదే స్త్రీ నెత్తిన కట్టెల మోపు, చంకన బిందె పెట్టుకొని నడుస్తుంది. పునాది వేయవలసిన నాడు వేయనీయక, గోడలు బీటలు వారే నాడు మేడ మీద మేడ కట్టించుట వంటిది ఈ పద్ధతి.

దీనికి ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. "మా ఆడవారు తెల్లవారినది మొదలు పొద్దుగూకు వరకు కందిచేలలో, పత్తిచేలలో ఒళ్లు వంచుతారు. వారికి వేరే వ్యాయామము ఎందుకు?" అని. ఈ మాటలో వారి కష్టముపై గౌరవము ఉన్నది గాని నిజము సగమే ఉన్నది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన వీణా శత్రుఘ్న ప్రభృతులు తక్కువ ఆదాయము గల కుటుంబముల స్త్రీలను పరీక్షించి 2005లో ఒక అధ్యయనము ప్రకటించినారు. ఆ స్త్రీల ఎముకల సాంద్రత సంపన్న దేశముల స్త్రీల సాంద్రత కంటె చాల తక్కువగా ఉన్నట్లు తేలినది. శ్రమయే చాలునన్నచో ఈ ఫలితము రాకూడదు. వంగి కలుపు తీయుట ఒకే తీరు పని. అందులో ఎముకను మేల్కొల్పే కొత్త తాకిడి తక్కువ, ఒంటిని అలయజేసే గంటలు ఎక్కువ.

మరియు కబురు అందినా, కట్టుటకు సున్నము ఉండవలెను గదా. తిరుపతిలో హరినారాయణ్ ప్రభృతులు 2007లో ప్రకటించిన పరిశోధన దక్షిణ భారతీయుల ఆహారములో కాల్షియము కొరతను, ఒంటిలో విటమిన్ డి కొరతను స్పష్టముగా చూపినది. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో పెద్దవారికి దినమునకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియమును సిఫారసు చేసినవి. తెల్లని అన్నములో అది నామమాత్రము. నూరు గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. పాలు, పెరుగు, నువ్వులు, ఆకుకూరలు మన ఎరుకలోనివే. ఎండ మన జిల్లాలో కొరత లేదు. కొరత ఉన్నదల్లా ఆడపిల్ల పళ్లెములో, ఆడపిల్లకు ఎండ తగిలే తీరికలో.

ఇంకొక విషయమును సంకోచము విడిచి చెప్పవలసి యున్నది. గర్భసంచి తీసివేయించుకొనుట మన రెండు తెలుగు రాష్ట్రములలో మిక్కిలి ఎక్కువ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఈ శస్త్రచికిత్స జరిగినవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతము, తెలంగాణలో సుమారు 8 శాతము, దేశము మొత్తములో 3 శాతము మాత్రమే. గర్భసంచితో బాటు అండాశయములను కూడా తొలగించితే ఈస్ట్రోజెన్ ఒక్కమారుగా పడిపోయి, ముప్పై అయిదేండ్ల స్త్రీ ఎముకకు ముదిమి ముందుగానే సంక్రమిస్తుంది. అవసరమైనచో శస్త్రచికిత్స చేయించుకొనవలసినదే. అవసరమా కాదా అని ఇద్దరు వైద్యులను అడుగక పూర్వము మాత్రము ఒప్పుకొనరాదు.

ఇంతవరకు చదివిన పెద్దలు, "మా కాలము దాటిపోయినది, ఇక మాకు విశ్రాంతియే శరణ్యము" అని అనుకొనరాదని మా మనవి. వినికిడి తగ్గిన చెవి పూర్తిగా చెవుడు కాదు, కొంచెము గట్టిగా చెప్పవలెను, అంతే. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయమువారు 58 ఏండ్లు పైబడి, ఋతుక్రమము ఆగి, ఎముక సాంద్రత తగ్గిన 101 మంది స్త్రీలను తీసుకొని ఒక ప్రయోగము చేసి 2018లో ప్రచురించినారు. ఒక జట్టువారు శిక్షకుల కనుసన్నలలో వారమునకు రెండుమార్లు, అరగంట చొప్పున, తమ శక్తికి దగ్గరగా ఉండే బరువులు ఎత్తినారు, ఎగిరి దిగినారు. రెండవ జట్టువారు ఇంటిలోనే తేలికపాటి కసరత్తు చేసినారు. ఎనిమిది నెలలకు మొదటి జట్టు వెన్నెముక సాంద్రత 2.9 శాతము పెరిగినది, రెండవ జట్టుది 1.2 శాతము తగ్గినది. పడుచు ఎముక పొందే లాభముతో పోల్చితే ఇది స్వల్పమే. ఏటేటా తరిగిపోయే వయస్సులో తరుగు ఆగి, పైన కొంత చేరుట స్వల్పము కాదు. పైగా కాళ్లలో బలము, నడకలో నిలకడ పెరిగితే పడిపోవుట తగ్గుతుంది. ముసలితనమున తుంటి ఎముక విరుగుటకు ముఖ్యమైన కారణము పడిపోవుటయే. అయితే ఎముక ఇదివరకే గుల్లబారినవారు, వెన్ను వంగినవారు వైద్యుని అడుగకుండ బరువుల జోలికి పోరాదు.

కాబట్టి మేము కోరేది మూడు విషయములు. మొదటిది, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆడపిల్లలకు ఆటల గంటను ఎవరూ అపహరింపరాదు. ఖోఖో, కబడ్డీ, తాడాట వీనికి పెద్ద ఖర్చు లేదు. దినమునకు పది, పదిహేను నిమిషముల గెంతులాట చాలును. రెండవది, పిల్లను వీధిలో ఆడనిచ్చుటకు సంకోచించే కుటుంబములు, వారు ఏ మతమువారైనను, ఇంటి పెరటిలోనో, బడి ప్రహరీ లోపలనో ఆమెను ఆడనీయవలెను. ఎముకకు కావలసినది తాకిడి, జనము చూపు కాదు. హైదరాబాదు పిల్ల సానియా మీర్జా ఆరవ ఏట టెన్నిస్ పట్టినది. నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ 2022లోను, 2023లోను ప్రపంచ బాక్సింగ్ విజేత అయినది. ప్రతి పిల్లయు విజేత కానక్కర లేదు. అరువది ఏండ్ల నాడు స్నానాల గదిలో కాలు జారినా తుంటి విరుగక లేచి నిలుచుంటే ఆ విజయము చాలును. మూడవది, మన కళాశాలలలో విద్యార్థినుల కొరకు ప్రత్యేకమైన ఆటల సమయము ఉండవలెను. ఇరవై అయిదవ ఏటి వరకు ఎముక ఇంకను కూడబెట్టుకొంటూనే ఉంటుంది.

విద్యార్థినీ విద్యార్థులారా! "కూర్చుని తింటే కొండలైనా కరుగును" అన్నారు. ఎముక విషయములో ఆ కొండను పోగుచేసుకొనే కాలము కొద్ది, దానిని ఖర్చు చేసే కాలము దీర్ఘము. మీకు ఇంకను కొంత గడువు ఉన్నది. మీ ఇంటిలో ఆరవ తరగతి చదివే చెల్లెలికి గడువంతయు ఉన్నది. ఈ సాయంకాలము ఆమె చేతిలోని చీపురును కాసేపు మీరు తీసుకొని, ఆమె చేతికి ఒక తాడు ఇవ్వండి.