కలహకాలమున కలమునకు సంకెల

ఇల్లు కాలుచున్నప్పుడు కేక వేయువాని నోరు నొక్కుట యెక్కడి నీతి? అంతఃకలహము చెలరేగినపుడు ముందు శాంతి, పిదప స్వేచ్ఛ యని కొందరు పెద్దలు వాదింతురు. ఈ వాదమును మేము అంగీకరింపము.

తెలంగాణమున 1946 మొదలు 1951 వఱకు సాయుధపోరాటము సాగెను. దాని నాయకులలో నొకడైన పుచ్చలపల్లి సుందరయ్య మన నెల్లూరు జిల్లా అలగానిపాటి బిడ్డయే. 1948 ఆగస్టులో హైదరాబాదున ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాను హతుడయ్యెను. భారత యూనియనులో చేరుమని వ్రాయుటయే ఆయన చేసిన నేరము. అది రజాకార్ల పాలి నీతి.

మరి రాజ్యాంగబద్ధమైన ప్రభుత్వముల నీతి యెట్లుండెను? రాజ్యాంగము 1950 జనవరి 26న అమలునకు వచ్చెను. ఐదు వారములైనను నిండకమున్నే, మార్చి 1న, నెల్లూరు అప్పుడు చేరియుండిన మద్రాసు రాష్ట్ర ప్రభుత్వము బొంబాయి వారపత్రిక ‘క్రాస్ రోడ్స్’ను తన సరిహద్దులలో అడుగుపెట్టనీయక నిషేధించెను. హత్యను, ఉత్తరువును మేము ఒక్క త్రాసున తూచము. కాని రెండింటికిని మూలమైన భయ మొక్కటియే కాదా? మే 26న సుప్రీంకోర్టు, రమేశ్ థాపర్ వ్యాజ్యమున, ఆ నిషేధమును కొట్టివేసెను. ప్రజాశాంతి వేఱు, రాజ్యభద్రత వేఱని పతంజలిశాస్త్రిగారు తీర్పులో వివరించిరి.

ఫలితమేమి? 1951 జూనులో రాజ్యాంగమునే సవరించి, వాక్స్వాతంత్ర్యముపై పరిమితులలో ప్రజాశాంతిని చేర్చిరి. ఆ పరిమితి సముచితమై యుండవలెనను మాటయొక్కటే మిగిలిన ఊరట. అక్టోబరులో తెలంగాణ పోరాటము విరమింపబడెను. సవరణ మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆపత్కాలపు సంకెల ఆపదతో ఊడిపోవునని నమ్మువారు దీనికేమందురు?

ఆయుధములు పంచువానిని పట్టుకొనుడు, విచారింపుడు, శిక్షింపుడు, మేము అడ్డురాము. వ్రాసినవాడు వేఱు. అమెరికా అంతర్యుద్ధమున, 1863 జూనులో, సేనాని బర్న్‌సైడ్ ‘చికాగో టైమ్స్’ను మూయించగా లింకనే ఆ ఉత్తరువును రద్దుచేయించెను. పత్రిక మరల వెలువడినందున ఉత్తర రాష్ట్రములు ఓడెనా? 1865లో గెలిచెను.

పఠనమందిరములలో పత్రిక విప్పు సోదరులారా! మీకు గిట్టని పత్రిక బల్లమీదినుండి మాయమైననాడు ఏలయని అడుగుడు. తాను మెచ్చిన పత్రికకై మాత్రమే పోరువాడు స్వేచ్ఛను కోరువాడు కాడు, స్వపక్షమును కోరువాడు. 1930లో ఈ తీరమున ఉప్పు చేసి చెఱసాల కేగిన తరము, నోరు నొక్కుట దొరలనాడు నేరమనియు, మనవారినాడు నీతియనియు మనకు నేర్పలేదు.