క్రొత్తగా లైనక్సు పెట్టుకొనువారు ఏ రకము ఎన్నుకోవలెను?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసినది. మన ఇండ్లలో డిజైన్లకు, జి.ఎస్.టి. బిల్లులకు వాడుచున్న పాత కంప్యూటర్లలో చాలవాటిని విండోస్ 11 అంగీకరించదు. చక్కగా నడచుచున్న యంత్రమును పాత ఇనుమువానికి వేయుటకన్న, దానిలో లైనక్సు పెట్టుకొనుట మేలని మా అభిప్రాయము.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లైనక్సు మూలమును ఎవరైనను చూడవచ్చును, మార్చవచ్చును, పదిమందికి పంచవచ్చును. అందుచేతనే దానిలో వందలాది రకములు పుట్టినవి. క్రొత్తవారికి చిక్కు వచ్చునది కూడ ఇక్కడనే.

“అంతయు మన ఇష్టప్రకారము అమర్చుకొనవలెనన్న ఆర్చ్ లైనక్సే పెట్టవలెను” అని మన యువకులు కొందరు వాదించుచున్నారు. ఆర్చ్ మంచిదే, కాదనము. కాని 2002లో వచ్చిన ఆ రకములో తయారుగా దొరకునది స్వల్పము. తెరమీది అమరిక మొదలు ప్రింటరు వరకు ఒక్కొక్కటి తానే ఎన్నుకొని, ఆజ్ఞలు టైపుచేసి కూర్చుకొనవలెను. జెంటూలోనైతే ప్రోగ్రాములను మూలమునుండి తానే కంపైలు చేసికొనుట ఆనవాయితీ. పని నేర్వవచ్చిన కుర్రవానిని మొదటినాడే జాకార్డు కట్టమందుమా? కండెలు చుట్టించి, ఆపైన నడచుచున్న మగ్గముమీద కూర్చుండబెట్టుదుము గదా!

కావున మొదట లైనక్స్ మింట్ పెట్టుకొనుడని చెప్పుచున్నాము. ఇది 2006 నుండి వచ్చుచున్నది. ఉబుంటుపై ఆధారపడిన దీని పెద్ద విడుదలలకు ఐదేండ్ల మద్దతు కలదు. పాత యంత్రములకు ఇందులోని ఎక్స్ఎఫ్‌సిఇ కూర్పు తేలిక. దీనిలో మార్చుకొనుటకేమియు లేదనువారు లోపలికి పోయి చూచినవారు కారు. క్రింది పట్టీని పైకి జరుపవచ్చును; రంగులు, మీటల కలయికలు మార్చవచ్చును; చూపు మందగించిన పెద్దలకు అక్షరములు పెద్దవి చేయవచ్చును. పరాయి రాష్ట్రములలో స్థిరపడిన మనకు మరియొక సౌకర్యము: ఒకే యంత్రములో తాతగారి ఖాతాను తెలుగులోను, మనుమని ఖాతాను మరాఠీలోనో తమిళములోనో ఉంచవచ్చును. అనువాదము పూర్తికానిచోట్ల ఇంగ్లీషు మాటలు కనిపించును, దానికి జంకనక్కరలేదు.

మింట్‌తోపాటే టైమ్‌షిఫ్ట్ అను ప్రోగ్రాము వచ్చును. ఏ పెద్ద మార్పుకైనను ముందు దానితో ఒక నకలు తీసియుంచినచో, చెడినప్పుడు పాత స్థితికి మరలవచ్చును. అయితే అది వ్యవస్థకు సంబంధించిన నకలు; మామూలుగా మీ ఫైళ్లను దాచదు. డిజైన్లను, లెక్కలను వేరొక డిస్కులోనికి ఎక్కించుకొనక యంత్రమును ముట్టవద్దు.

ఒక్క విషయములో తొందర కూడదు. జాకార్డు డిజైన్లకు కొన్న ప్రోగ్రాము విండోస్ మీదనే నడచునదైనచో, ఆ యంత్రమును కదల్చక, వీలైనంతవరకు నెట్టునకు కలుపక ఉంచుకొనుడు. బిల్లుల ప్రోగ్రామును గురించియు అమ్మినవారిని ముందే అడుగుడు. తక్కిన యంత్రములలో మింట్‌ను యు.ఎస్.బి.నుండి నడిపి, ప్రింటరు, నెట్టు, తెలుగు టైపు సరిగా పనిచేయుచున్నవో లేదో చూచుకొనుడు. అంతవరకు డిస్కులోనిది చెక్కుచెదరదు.

మన సంఘశాఖలు పాత యంత్రమొకటి ఇందుకు కేటాయించి, ఆదివారములలో సభ్యులకు చూపింపవలెనని కోరుచున్నాము. చూపించుటకు ఆర్చ్ పక్షపు యువకులనే పిలువవచ్చును. వారికి ఇది నిమిషములలో పని.